దుప్పటికి తల ఎటు

ఆమె గీసిన గులాబీల మీద ఊళ్లో సగం మంది నిద్రపోయారు. ఈ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఆమె భర్త తన తాళాల కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, తాళం బాగుపడేలోపు వాళ్లకు వేరే దారి లేదు కాబట్టి వినేవాళ్లు.

ఆమె దుప్పట్లు అచ్చువేసే కర్మాగారంలో డిజైనరు. పెళ్లికి ముందే ఆ ఉద్యోగంలో చేరింది. మొదట మొగ్గలు గీసింది, తర్వాత విచ్చిన గులాబీలు, తర్వాత ముళ్లున్నవి, ముళ్లు లేనివి, మంచు బొట్లున్నవి, గుత్తులుగా ఉన్నవి. అవన్నీ అమ్ముడుపోయాయి. కర్మాగారంలో అందరికీ ఆమె గులాబక్క అయింది. యజమాని మాత్రం మర్యాదకు గులాబమ్మా అనేవాడు. రంగు జారినవీ, అంచు కలవనివీ సిబ్బందికి ఇచ్చేస్తారు గనక ఆమె ఇంట్లో మంచాల మీదా, కిటికీలకీ, ఇస్త్రీ బల్ల మీదా అన్నీ గులాబీలే. ఒక ఉదయం భర్త బీరువా తెరిచి చొక్కా కోసం చాలాసేపు వెతికి, తోటమాలిని పిలవమంటావా అని అడిగాడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న రోజుల్లో యజమాని ఆమెను తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు తాగుతారా అని అడిగాడు. ఆయన మంచినీళ్ల దాకా వెళ్లాడంటే విషయం గట్టిదేనని ఆమెకు అర్థమైంది.

“గులాబమ్మా, నాకు మీ మీద కోపం లేదు. గులాబీ మీదే కోపం,” అన్నాడు ఆయన.

కొత్తగా కడుతున్న హోటళ్ల నుంచి పెద్ద ఆర్డరు రాబోతోంది. వాళ్లు పాత నమూనాలన్నీ చూసి, ఇవి మా అమ్మమ్మ మంచం మీద ఉండేవి అన్నారట. నెలాఖరుకు ఎవరూ చూడనిది ఒకటి కావాలి. రాకపోతే కంప్యూటరులో చేసి అమ్మే డిజైన్లు బయటినుంచి కొనేస్తాడు. అప్పుడు ఆమె గీసే బల్లతో పని ఉండదు. ఆమె మడతల గదిలో కూర్చుని దుప్పట్లు మడతపెట్టొచ్చు, జీతం ఏమీ తగ్గదు. ఆయన ఈ చివరి మాట చాలా దయగా చెప్పాడు.

మడతల గది అంటే ఆమెకు చిన్నచూపు లేదు. అక్కడి ఆడవాళ్లు మధ్యాహ్నాలు ఆమెను మహా నవ్వించేవాళ్లు. కానీ ఆమె బల్ల అద్దంది. కింద దీపం వెలుగుతుంది. దాని మీద కాగితం పరిచి దీపం వేయగానే కాగితం పాలమీగడలా మెరిసేది. ఇన్నేళ్లలో ఆమె ఆ స్విచ్చి వేసిన ప్రతిసారీ కడుపులో చిన్న గంతు. ఆ గంతు లేకుండా రోజు ఎలా మొదలవుతుందో ఆమెకు తెలియదు.

ఆ రోజే కూర్చుని చేపను గీసింది. తోక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే తిరిగి రేకులు వేసింది. పడవ గీసింది. తెరచాప విచ్చుకుంది. ప్రింటింగు మాస్టరు రంగు బక్కెట్టుతో అటుగా వెళ్తూ ఆగి చూశాడు. అతను ఆమె దగ్గరే పని నేర్చుకుని, తర్వాత ఆమెకే వంకలు పెట్టేంతవాడయ్యాడు.

“అక్కా, ఈ పడవకి నీళ్లు కాదు, ఎరువు వెయ్యాలి,” అన్నాడు.

ఇంట్లో సంగతి భర్తకొక్కడికే చెప్పింది గానీ, అతని అక్కకు ఎలా తెలిసిందో సాయంత్రానికల్లా తెలిసింది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. అందరి నోళ్లూ చూసీ చూసీ తన నోరు మూయడం మరిచిపోయిన మనిషి. వారానికో కొత్త వర్క్‌షాపుకు వెళ్తుంది, ప్రతిదానినుంచీ కొత్త మనిషినయ్యానని వస్తుంది, వచ్చాక మళ్లీ పాత మనిషే. డిజైన్లు బల్ల మీద పుట్టవనీ, ఒంట్లోంచి పుడతాయనీ, మరదలు ఇన్నేళ్లు వంగి కూర్చోవడంతో ఒంట్లో దారులన్నీ మూసుకుపోయాయనీ తేల్చింది. యోగా క్లాసుకు రమ్మంది.

“కందకి లేని దురద కత్తిపీటకెందుకక్కా,” అన్నాడు తమ్ముడు, పత్రిక వెనకాల నుంచి.

“కందకి దురద ఉందిరా. చెప్పుకోవడం రాదంతే,” అంది ఆవిడ.

యోగా క్లాసు ఒక కుర్చీల దుకాణం పై అంతస్తులో. టీచరు అంతకుముందు లిఫ్టు మెకానిక్కు. సన్నగా, నిటారుగా ఉంటాడు. ఊపిరి మెల్లగా పైకి రానివ్వండి, ఇక్కడ ఆపండి, తలుపు తెరవండి, ఇప్పుడు కిందికి పంపండి అనేవాడు. మొదటి రోజు ఆమె ఊపిరి రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. దగ్గుతూ లేచి కూర్చుంటే, వదిన వెనకనుంచి, మా మరదలికి కరెంటు పోయింది అని అందరికీ వినిపించేలా చెప్పింది.

శవాసనంలో పడుకోబెట్టి టీచరు మనసును ఖాళీ చేయమన్నాడు. ఆమె నిజాయితీగా ఖాళీ చేసింది. ఖాళీ అయిన మరుక్షణం అందులోకి గులాబీ వచ్చి కూర్చుంది. క్లాసు అయ్యాక ఈ సంగతి చెబితే, దాన్ని తరమకండి, చూస్తూ ఉండండి, అదే పోతుంది అన్నాడు. మర్నాడు చూస్తూ ఉంది. అది పోయింది. పోతూ పోతూ తన చుట్టాలకు ఇల్లు ఖాళీగా ఉందని చెప్పి పోయింది.

అయినా క్లాసునుంచి మెట్లు దిగేటప్పుడు కాళ్లు తేలిగ్గా ఉండేవి. దుకాణంలో వరుసగా పేర్చిన కుర్చీల మధ్యనుంచి నడుస్తుంటే ఏ కారణమూ లేకుండా నవ్వొచ్చేది. వదిన ఆ నవ్వును పట్టుకుని ఇంక వదల్లేదు. సెలవు దొరికినప్పుడల్లా ఒక వర్క్‌షాపుకు లాక్కెళ్లింది. బంకమట్టి వర్క్‌షాపులో ఆమె గిన్నె చేయబోయింది, అంచు విచ్చుకుని ఏమైందో చెప్పనక్కర్లేదు. నవ్వుల వర్క్‌షాపులో నవ్వమన్నప్పుడు ఆమెకు నవ్వు రాలేదు. నవ్వించే ఆయన చెమటలు కక్కుకుంటూ ఎంత ప్రయత్నించినా రాలేదు. అందరూ ఆపి కళ్లు మూసుకున్నాక, ఆయన పడ్డ పాట్లు గుర్తొచ్చి మొదలైంది, ఆగలేదు. వచ్చేసారి మీరు ముందు వరుసలో కూర్చోండమ్మా అని ఆయన బతిమాలాడు.

మౌన వర్క్‌షాపులో ఇద్దరూ భోజనం వేళ దాకా కూడా నిలవలేదు. మాట్లాడకూడదు, కళ్లతో కూడా పలకరించుకోకూడదు అన్నారు. వదినకు ఊపిరాడలేదు. కాసేపటికి చేతులు కదిలాయి. క్లినిక్కులో ఒకాయన కట్టుడుపళ్లు పోయాయని వచ్చి, అందరితో గదంతా వెతికించి, చివరికి అవి తన నోట్లోనే ఉన్నాయని కనుక్కున్న కథ మొత్తం ఆవిడ సైగలతో చెప్పింది. బల్ల కింద వెతికిన నర్సు, సొరుగులు లాగిన డాక్టరు, ఎవరినీ వదల్లేదు. మరదలికి ప్రతి ముక్కా అర్థమైంది. అదే చిక్కయింది. నిర్వాహకురాలు తన మౌనం చెడకుండా వేలితో తలుపు చూపించింది. ఇద్దరూ వీధిలోకి వచ్చి ఒక కరెంటు స్తంభాన్ని చెరోవైపు పట్టుకుని, నడుములు పట్టేసేదాకా నవ్వారు. చాలా సేపటికి ఆమెకు తట్టింది, పొద్దున్నుంచీ ఒక్క రేకు కూడా గుర్తుకు రాలేదని.

కానీ నెల ముందుకే నడుస్తోంది. బల్ల మీద కాగితం తెల్లగానే ఉంది. ఈలోగా కంప్యూటరు డిజైన్లవాళ్లు నమూనాల సంచీతో వచ్చి యజమాని గదిలో కాఫీ తాగి వెళ్లారు. అప్పుడు టీచరు సముద్రం ఒడ్డున యోగా క్యాంపు పెడుతున్నానన్నాడు. నెలాఖరు నెత్తిన పెట్టుకుని లీవు అడిగితే యజమాని ఆమెను ఎగాదిగా చూసి, వచ్చేటప్పుడు ఏదైనా పట్టుకురండి, ఉత్త చేతులతో మాత్రం రావద్దు అన్నాడు.

ఆమె బ్యాగులో బట్టలు పెట్టింది. అడుగున కాగితాల కట్ట, పెన్సిళ్లు, రంగులు. రైలు ప్రయాణం కదా అని భర్త తన కొట్లోకెల్లా గట్టి తాళం తెచ్చి బ్యాగుకు స్వయంగా వేశాడు. దీన్ని దొంగ కాదు కదా, వాడి తాత కూడా తీయలేడన్నాడు. తాళంచెవి మాత్రం ఇవ్వడం మరిచిపోయాడు. క్యాంపులో దిగాక ఆ సంగతి బయటపడింది. టీచరు తన లిఫ్టు విద్యలన్నీ ప్రయోగించాడు. క్యాంపు వంటమనిషి గరిటె కాడతో ప్రయత్నించాడు. ఇంటికి ఫోన్ చేస్తే భర్త ముందు కంగారు పడి, ఎవరూ తీయలేకపోతున్నారని విన్నాక గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

“రాయితో కొట్టి చూశారా?” అని అడిగాడు.

“కొట్టాం. రాయి పగిలింది,” అందామె.

అలా క్యాంపంతా ఆమె వదిన బట్టలు కట్టుకుని తిరిగింది. వదిన కొలతలు ఉదారమైనవి. చేతులు పైకెత్తితే చొక్కా డేరాలా లేచేది. కాగితం లేదు, పెన్సిలు లేదు. మొదట్లో ఆమె చేతులు ఏం చేయాలో తెలియక ఇసుక పిండుతూ కూర్చునేవి. తర్వాత గీయడానికి వీలు లేదు కాబట్టి చూడటం మొదలుపెట్టింది. అలలు, పడవలు, తడి ఇసుకలో పీతల దారులు, జనం. వంగినవాళ్లు, లేచినవాళ్లు, ఒంటికాలి మీద ఊగుతున్నవాళ్లు.

చివరి ఉదయం టీచరు అందర్నీ ఇసుకలో వరుసగా నిలబెట్టి శీర్షాసనం అన్నాడు. ఇష్టమున్నవాళ్లే చేయండి అన్నాడు. వదిన అప్పటికే తల కింద పెట్టేసింది. ఎవరూ ఊహించలేదు గానీ ఆ లావాటి మనిషి ఏ సాయమూ లేకుండా మెల్లగా పైకి లేచి స్తంభంలా నిలబడింది. టీచరే రెండడుగులు వెనక్కి వేశాడు.

మరదలు కూడా లేచింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో సముద్రం పైకెక్కింది, ఆకాశం కాళ్లకిందికి వచ్చింది, వదిన పాంటు కాళ్లు జారి మోకాళ్ల మీద గొడుగుల్లా విచ్చుకున్నాయి. వరుసలో అందరూ ఇసుకకు వేలాడదీసిన మనుషుల్లా కనపడ్డారు. వాళ్లెప్పుడు రాలిపడతారో అనిపించింది. ఆ అనుమానానికే నవ్వొచ్చింది. నవ్వుతూ శీర్షాసనం వేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆమె పక్కనున్న బ్యాంకు క్యాషియరు మీద పడింది. ఆయన తన భార్య మీద పడ్డాడు. ఆవిడ ఎవరో వకీలు మీద పడింది. అలా వరుసంతా కూలిపోతూ పోయి, చివర వదిన దగ్గర ఆగింది. వదిన కదల్లేదు.

పడ్డవాళ్లందరూ నవ్వుతున్నారు. ఆమె ముందుగా తేరుకుని తలెత్తి చూసింది. క్యాషియరు మోచెయ్యి ఆయన భార్య నడుము వంపులో సరిగ్గా ఇమిడింది. ఆవిడ మోకాలు వకీలు చంకలో. ఒకరి ఖాళీలోకి ఇంకొకరు, మధ్యలో సందు లేదు. ఆమె వృత్తిలో దీన్ని అల్లిక కలవడం అంటారు. డిజైను ఒక చివర రెండో చివరలోకి అతుకు కనపడకుండా దూరిపోవాలి, అప్పుడే బట్ట ఎంత పొడవున్నా నడుస్తుంది. ఇన్నేళ్లూ రేకులతో చేసిన పని, ఇక్కడ మనుషులు ఎవరూ చెప్పకుండానే చేసి పెట్టారు.

“ఎవరూ లేవకండి. అలాగే ఉండండి,” అంది ఆమె.

ఎంత గట్టిగా అన్నదంటే అందరూ అలాగే ఉండిపోయారు. ఆమె వరుస వెంట అటూ ఇటూ పరిగెత్తుతూ, చొక్కా ఎగురుతుండగా, ఒక్కొక్కరినీ కళ్లతో తాగేసింది. కింద పడున్న క్యాషియరు, ఇది కూడా ఆసనమేనా అండీ అని టీచరును అడిగాడు. టీచరు ఒక్క క్షణం ఆలోచించి, అవునన్నాడు.

తిరుగు రైల్లో, క్యాంపు గోడలనుంచి విప్పి తెచ్చిన పోస్టర్ల వెనక, ఎదుటి సీటు పిల్లాడిని అడిగి తీసుకున్న పెన్సిలుతో ఆమె గీసింది. గీస్తూనే ఉంది. ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లు, చేతులు చాపినవాళ్లు, వంగినవాళ్లు. జ్ఞాపకం తప్పిన చోట వదిన సీట్ల మధ్య నిలబడి భంగిమ పెట్టేది. టీసీ వచ్చేసరికి వదిన ఒంటికాలి మీద, చేతులు పైకెత్తి ఉంది. ఆయన టికెట్టు అడిగాడు. నా నడుం దగ్గర సంచీలో ఉంది తీసుకోండి, కదిలితే బొమ్మ పాడవుతుంది అంది ఆవిడ. ఆయన తీసుకోలేదు. బొమ్మ చూశాడు. తర్వాతి స్టేషను వచ్చేదాకా ఒంటికాలి మీద తను నిలబడ్డాడు, వదిన కూర్చుంది.

ఇంటికి రాగానే భర్త బ్యాగు తాళాన్ని చిటికెలో తీసి, చూశావా ఎంత గట్టిదో అన్నాడు. ఆమె అప్పటికే కర్మాగారానికి పరిగెత్తింది.

ప్రింటింగు మాస్టరు రాత్రీ పగలూ అనకుండా అచ్చు తెర తయారుచేసి, నమూనాగా ఒక దుప్పటి తీశాడు. తెల్లటి బట్ట మీద నీలం మనుషులు. అచ్చువేసే పొడవాటి బల్ల మీద, కింద మందపాటి మెత్త, పైన ఆ బట్ట. ఊళ్లో పని లేనట్టు ఒకరి కాళ్లలో ఒకరు చేతులు పెట్టి ఊగుతున్న జనం. మడతల గది ఆడవాళ్లు వచ్చి చూసి కిసుక్కుమన్నారు. వదిన క్లినిక్కులో భోజనం సెలవు చెప్పి వచ్చి, అన్ని బొమ్మల్లోనూ తనే ఉన్నానని అందరికీ చూపించుకుంది. యజమాని ఆ మధ్యాహ్నమే హోటలువాళ్లకు నమూనా పంపాలి.

మాస్టరు రంగు ఆరిందో లేదో చూస్తూ బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు ఆగాడు. ఆగినవాడు కదల్లేదు.

“అక్కా,” అన్నాడు మెల్లగా. “దుప్పటికి తల ఎటు?”

అది అతను పనిలో చేరిన మొదటి రోజున ఆమె నేర్పిన పాఠం. దుప్పటికి తలవైపు, కాళ్లవైపు అని ఉండదు. పరిచేవాళ్లు ఎటు దొరికితే అటు పరుస్తారు. అందుకే పువ్వులు అన్ని వైపులకూ చూస్తూ గీయాలి, ఎటునుంచి చూసినా నిలబడ్డట్టే ఉండాలి. కిటికీ తెరలకూ, గోడకు వేలాడదీసేవాటికీ వేరు, వాటికి పైన ఏదో తెలుసు. ఇన్నేళ్ల గులాబీలకు ఆ తప్పు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే గులాబీకి తల కిందైతేనేం, పైనైతేనేం. ఇప్పుడు అవతలి వైపునుంచి చూస్తే హోటలు మంచం మీద ఇంతమంది తలకిందులుగా, చేతులు గాల్లో వేలాడేసుకుని, ఉరి తీసినట్టున్నారు.

మాస్టరు బాధగా, మంచు బొట్ల గులాబీ ఒకటి రంగు మార్చి పంపుదామా అక్కా, గడువైనా దాటకుండా ఉంటుంది అన్నాడు. అతను ఆమె బల్లను కాపాడాలనే అన్నాడు. అది కాపాడదని ఇద్దరికీ తెలుసు.

ఆమె అవతలి వైపుకు వెళ్లి నిలబడింది. ఒక వరుస విడిచి ఒక వరుస తిప్పేస్తే ఎటునుంచైనా సగంమంది నిలబడే ఉంటారు. మిగతా సగం సంగతేమిటి? వాళ్లు నిజంగా శీర్షాసనం వేసినట్టుండాలి. అప్పుడు చేతులు వేలాడకూడదు. మోచేతులు ఎక్కడికొస్తాయి, వేళ్లు ఎక్కడ కలుస్తాయి? ఆమె శీర్షాసనంలో ఉన్నది ఒక్క క్షణం, అదీ నవ్వుతూ. వదినా, గుర్తుందా, శీర్షాసనంలో చేతులెలా పెట్టావు అని అడిగింది.

చేతులతో చెప్పడం వదినకు కొత్త కాదు. కానీ ఈసారి చెప్పలేదు. చెప్పులు విడిచింది. నమూనా బట్ట పక్కకు జరిపి, బల్ల ఎక్కి, ఆ మెత్త మీద తల పెట్టి లేచింది. మడతల గది ఆడవాళ్లు ఓ అడుగు వెనక్కీ, తర్వాత రెండడుగులు ముందుకీ వచ్చారు. మరదలు గబగబా గీసింది. వదిన ముఖం ఎర్రబడుతుంటే భయమేసి, బాగానే ఉన్నావా అని అడగడానికి వెనుదిరిగి నడుం వంచి, తన కాళ్ల మధ్యనుంచి తలకిందులుగా ఆవిడ ముఖంలోకి చూసింది.

చూసి అలాగే ఉండిపోయింది. తలకిందుల వదిన ఇప్పుడు నిటారుగా ఉంది. చేతులు తల వెనక కలిపి, మోచేతులు పైకి చాపి. హాయిగా నిద్రపోయి లేచి, మంచం పక్కన నిలబడి ఒళ్లు విరుచుకుంటున్న మనిషి.

“తమ్ముడూ, ఇలా వంగి చూడు,” అంది మాస్టరుతో.

మాస్టరు వంగాడు. అతను కూడా లేవలేదు. ఇంకెన్నో బొమ్మలక్కర్లేదు. ఈ ఒక్క మనిషి చాలు. ఒక వరుస ఇటు, ఒక వరుస అటు. ఎటునుంచి చూసినా సగంమంది శీర్షాసనం, సగంమంది ఇప్పుడే నిద్ర లేచినవాళ్లు. ఒకరి మోచేతుల మధ్య ఖాళీలోకి ఇంకొకరి మోచెయ్యి.

అదే సమయంలో యజమాని వచ్చాడు. తన బల్ల మీద తెలియని ఆడమనిషి తలకిందులుగా ఉంది. తన డిజైనరూ, మాస్టరూ వంగి కాళ్ల మధ్యనుంచి చూస్తున్నారు. మడతల గదిలో పని ఆగిపోయింది. ఆయన చాలా జాగ్రత్తగా, ఈవిడ ఎవరు అని అడిగాడు.

“మా వదిన, సార్,” అంది గులాబక్క, లేవకుండానే.

“ఏం చేస్తున్నారు?”

“అటునుంచి చూస్తే నిద్ర లేస్తున్నానట,” అంది వదిన కిందినుంచి. “నమ్మకపోతే మీరూ వంగండి.”

యజమాని వంగలేదు. పొట్ట ఒప్పుకోలేదు. మెడ ఒక పక్కకు వాల్చి ఎంత వీలైతే అంత చూశాడు. రేపు పొద్దున్నదాకా గడువిచ్చి గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున కొత్త నమూనా ఆరింది. యజమాని దాన్ని చేత్తో ముట్టుకోలేదు. మడతల గదినుంచి ఇద్దరిని పిలిచి, హోటల్లో పరిచినట్టు పరచండి అన్నాడు. వాళ్లు విసిరి పరిచారు. ఇప్పుడు తల ఎటో చెప్పండి అన్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపించారు, చెరోవైపు. నీకు కళ్లు లేవా, లేచినవాళ్లు ఇటున్నారు అంది ఒకామె. నీ కళ్లు చూపించుకోవే, లేచినవాళ్లు ఇటే ఉన్నారు అంది రెండో ఆమె. ఇద్దరూ చిన్నప్పటినుంచి స్నేహితులు, అయినా దుప్పటిని తలో వైపుకు లాగడం మొదలుపెట్టారు.

యజమాని తేల్చడానికి బల్ల చుట్టూ తిరిగాడు. మొదటామె కరెక్టన్నాడు. ఇంకోసారి తిరిగి, కాదు, రెండో ఆమె అన్నాడు. మళ్లీ తిరిగాడు. మూడోసారికి నడక వేగం పెరిగింది, ముఖం వెలిగింది, తనలో తనే నవ్వుకుంటున్నట్టు కనిపించింది. చివరికి కళ్లు తిరిగి బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు.

“ఆ కంప్యూటరు వాళ్లకు ఫోన్ చేసి, రావద్దని చెప్పు,” అన్నాడు మాస్టరుతో. ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. “గులాబమ్మా, ఇలాంటిది రెండోది ఎప్పుడిస్తారు?”

వెనక మడతల గది ఆడవాళ్లు ఇంకా తేల్చుకోలేదు.

“దానికి లీవు కావాలి సార్. ఈసారి కొండల మీద క్యాంపు.”

యజమాని గదంతా నిలకడగా ఆగేదాకా ఆగి, కళ్లు తెరిచి, తీసుకోండి అన్నాడు.